నీడను కొలిచిన ఊరు



ఈ వారం మిమ్మల్ని చైనాలో ఒక చిన్న ఊరికి తీసుకువెళ్తాను. ఊరి పేరు గావ్‌చెంగ్. హెనాన్ రాష్ట్రంలో దెంగ్‌ఫెంగ్ అనే పట్టణానికి ఆగ్నేయంగా పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దెంగ్‌ఫెంగ్ పేరు మీలో చాలామంది వినకపోవచ్చు గానీ, దాని పక్కనే ఉన్న షావొలిన్ ఆలయం పేరు కుంగ్‌ఫూ సినిమాలు చూసే పిల్లలందరికీ తెలుసు. టూరిస్టు బస్సులన్నీ అటే వెళ్తాయి. గావ్‌చెంగ్ వైపు వెళ్ళేవాళ్ళు తక్కువ.

2018 జూన్‌లో ఆఫీసు పని మీద జెంగ్‌జౌ నగరానికి వెళ్ళాను. మధ్యలో ఒక శనివారం ఖాళీ దొరికింది. ముందురోజు రాత్రి నాన్నగారితో ఫోన్లో మాట్లాడుతూ, రేపు ఒక పాత నక్షత్రశాల చూడటానికి వెళ్తున్నానని చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏముందిరా అక్కడ? వాళ్ళకి ఖగోళం నేర్పింది మనవాళ్ళే కదా! ఎవడో గౌతముడట, వాళ్ళ రాజుగారి కొలువులో ఉండేవాడట. ఎప్పుడో చదివాను" అన్నారు.

మన ఇళ్ళల్లో ఇలాంటి మాటలు అలవాటే. విమానం మనదే, సున్నా మనదే, చదరంగం మనదే. వీటిలో కొన్ని నిజాలు, కొన్ని కావు, కొన్ని సగం సగం. నాన్నగారు చెప్పిన గౌతముడి సంగతి ఈ మూడింట్లో ఏది? ఆ ప్రశ్న జేబులో వేసుకుని మర్నాడు పొద్దున్నే బయలుదేరాను.

జెంగ్‌జౌ నుంచి కారులో సుమారు గంటన్నర ప్రయాణం. డ్రైవరుకి ఇంగ్లీషు రాదు, నాకు చైనీసు రాదు. ఫోన్లో అనువాదం చేసే యాప్ ఒక్కటే మా ఇద్దరికీ ఆధారం. షావొలిన్ కాదు, గావ్‌చెంగ్ అని రెండుసార్లు చెప్పాను. నిజమేనా అన్నట్టు నా వైపు ఒకసారి చూసి బండి తిప్పాడు.

ఆవరణ పెద్దదేమీ కాదు. ముందు ఒక అడ్డగోడ, దాని వెనక ద్వారం, లోపల వరసగా ఒక రాతి స్తంభం, ఒక గుడి, ఆ గుడి వెనక ఇటుకలతో కట్టిన బురుజు లాంటి కట్టడం. అంతా ఉత్తర దక్షిణాలుగా ఒకే గీత మీద ఉంటుంది. గుడి జౌ ప్రభువుది. ఆయన మూడు వేల ఏళ్ళ కిందటి రాజకుమారుడు, జౌ వంశపు రాజుకి తమ్ముడు. అన్న పోయాక, అన్న కొడుకు చిన్నవాడైతే రాజ్యాన్ని కాపాడి, పెద్దయ్యాక అప్పగించినవాడు. భరతుడి పాదుకలు గుర్తొస్తున్నాయి కదూ! చైనావాళ్ళకి మంచి మంత్రి అంటే, నిస్వార్థం అంటే ఆయనే. సుమారు అయిదు వందల ఏళ్ళ తరవాత వచ్చిన కన్‌ఫ్యూషియస్ మతస్థులు కూడా ఆయన్నే ఆదర్శంగా చెప్పుకున్నారు.

ఆయన గుడి ఇక్కడే ఎందుకుందంటే, ఈ చోటే భూమికి నడిమధ్య అని ఆయన నీడ కొలిచి తేల్చాడని ఐతిహ్యం. అప్పట్లో ఈ ఊరి పేరు యాంగ్‌చెంగ్. ఎనిమిది చైనా అడుగుల కర్రని నిటారుగా నిలబెట్టి, ఎండాకాలంలో పొద్దు బాగా పొడుగ్గా ఉండే రోజున, మధ్యాహ్నం దాని నీడ ఎంతుందో చూడాలి. ఒకటిన్నర అడుగులు ఎక్కడుంటే అదే భూమధ్యం. ఈ మాట వాళ్ళ ప్రాచీన గ్రంథం "జౌ లి"లో ఉంది. చైనా తనని తాను మధ్యదేశం అని పిలుచుకుంటుందని మీకు తెలుసు. ఆ మధ్యకి కూడా మధ్య ఈ ఊరన్నమాట! యునెస్కోవాళ్ళు 2010లో దీన్నీ, చుట్టుపక్కల ఉన్న షావొలిన్ వంటి గుళ్ళూ గోపురాలనీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పెట్టిన పేరు కూడా అదే: భూమ్యాకాశాల మధ్యస్థానంలోని దెంగ్‌ఫెంగ్ చారిత్రక కట్టడాలు.

ఇప్పుడు అక్కడ కనిపించే రాతి స్తంభం మాత్రం జౌ ప్రభువు కాలానిది కాదు. క్రీ.శ. 723లో, తాంగ్ వంశపు చక్రవర్తి షువాన్‌జోంగ్ కాలంలో, నాంగోంగ్ యువె అనే ఖగోళాధికారి పాతది గుర్తుగా ఉండేలా రాతితో కట్టించాడు. ఈ పేరు కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. కింద వాలుగా చెక్కిన రాతి పీఠం, పైన ఇంచుమించు రెండు మీటర్ల స్తంభం. మన సిద్ధాంత గ్రంథాల్లో దీన్నే శంకువు అంటారు. సూర్యసిద్ధాంతంలో పన్నెండు అంగుళాల శంకువుతో దిక్కులూ అక్షాంశమూ తెలుసుకునే పద్ధతి వివరంగా ఉంది. కర్ర ఒక్కటే, అడుగులూ అంగుళాలే వేరు.

ఈ రాతిలో ఒక తమాషా ఉంది. దక్షిణాయనం మొదలయ్యే రోజు, అంటే జూన్ 21 ప్రాంతంలో, మధ్యాహ్నం వేళ స్తంభం నీడ సరిగ్గా పీఠం పైభాగం అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. నేల మీద పడదు. దూరం నుంచి చూసేవాళ్ళకి నీడ లేనట్టే ఉంటుంది. నేను వెళ్ళింది ఆ రోజుకి కొద్దిరోజుల ముందు. పన్నెండింటికి అక్కడ నిలబడ్డాను, కాని నీడ ఇంకా పడమటికి వాలే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, చైనా అంతటికీ ఒకటే గడియారం. ఆ గడియారం 120 డిగ్రీల రేఖాంశానిది, ఈ ఊరు 113 డిగ్రీల దగ్గరుంది. అసలు మధ్యాహ్నం పన్నెండున్నరకి గానీ రాదు! అందరూ నీడ పట్టున కూర్చుంటే నేనొక్కణ్ణీ ఎండలో నిలబడి నీడ కోసం ఎదురు చూశాను. చెప్పినట్టే వచ్చింది. అరగంటలో నీడ మెల్లగా జరిగి, పీఠం మీద ముడుచుకుని కూర్చుంది.

ఇక్కడ మన ఊసు ఒకటి చెప్పాలి. దెంగ్‌ఫెంగ్ కర్కటరేఖకి బాగా ఉత్తరాన ఉంది. అక్కడ సూర్యుడు ఎప్పటికీ నడినెత్తిన రాడు. అందుకే రాయిని అలా చెక్కి నీడని దాచాల్సి వచ్చింది. మన తెలుగు నేల మొత్తం కర్కటరేఖకి దక్షిణానే ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు నీడ నిజంగానే మాయమవుతుంది. హైదరాబాదులో అయితే మే రెండో వారంలో ఒకరోజు, ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు. మధ్యలో దాదాపు మూడు నెలలూ మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. చిన్నప్పుడు అన్నేళ్ళు అక్కడ ఎండలో ఆడుకున్నాను గాని ఈ సంగతి ఒక్కసారీ గమనించలేదు!

మాయమయ్యే ఈ నీడ మీద ఒకప్పుడు పెద్ద వాదమే జరిగింది. అయిదో శతాబ్దంలో హ్వీయెన్ అనే బౌద్ధ భిక్షువుకీ, హ చెంగ్‌తియెన్ అనే ఖగోళజ్ఞుడికీ మధ్య. భిక్షువు ఏమన్నాడంటే, భారతదేశంలో దక్షిణాయనం రోజు మధ్యాహ్నం అసలు నీడే ఉండదు, కాబట్టి భూమికి మధ్య అదే, మనది కాదు అన్నాడు. ఆ ఖగోళజ్ఞుడు జవాబు చెప్పలేకపోయాడని బౌద్ధ గ్రంథాల్లో రాసుకున్నారు. నాన్నగారు అక్కడుంటే ఆ భిక్షువుకి చప్పట్లు కొట్టేవారు.

కాని ఆలోచించి చూడండి. కర్కటరేఖ మీద ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఆ రోజు నీడ ఉండదు. మన ఉజ్జయిని దగ్గర ఉండదు, అరేబియాలో ఉండదు, దక్షిణ చైనాలోనే కొన్ని చోట్ల ఉండదు. మధ్య అని ఎవరికి వారు అనుకోవాల్సిందే. ఇది వాదనతో తేలే విషయం కాదు, నాలుగు చోట్లకీ వెళ్ళి కొలవాలి. రాతి స్తంభం నిలబెట్టిన మరుసటి ఏడే, 724లో, తాంగ్ ప్రభుత్వం చేసింది ఆ పనే.

ఆ పనికి పెద్ద యీ షింగ్ అనే బౌద్ధ భిక్షువు. గణితంలో దిట్ట. భారతదేశం నుంచి వచ్చిన శుభాకరసింహుడు అనే ఆచార్యుడితో కలిసి మహావైరోచన సూత్రాన్ని చైనీసులోకి అనువదించినవాడు కూడా ఈయనే. దేశం మీద తిరిగి కొలిచినవాళ్ళలో ముఖ్యుడు మన నాంగోంగ్ యువె. ఉత్తరాన గడ్డి మైదానాల నుంచి దక్షిణాన ఇప్పటి వియత్నాం దాకా మనుషుల్ని పంపి, అన్నిచోట్లా ఎనిమిది అడుగుల శంకువుతో నీడలు కొలిపించారు. ధ్రువం ఎంత ఎత్తున కనబడుతుందో కూడా రాయించారు.

అప్పటిదాకా చైనాలో ఒక సూత్రం ఉండేది. వెయ్యి "లీ"ల దూరం దక్షిణానికి పోతే నీడ ఒక అంగుళం తగ్గుతుందని. వందల ఏళ్ళు అందరూ నమ్మారు. హెనాన్ మైదానంలో ఒకే వరసలో ఉన్న నాలుగు ఊళ్ళ మధ్య దూరాలు కొలిస్తే, సుమారు 526 లీలకే నీడలో రెండు అంగుళాలు పైన తేడా వచ్చింది. పాత సూత్రం నాలుగు రెట్లు తప్పు! పైగా ఆ తేడా కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. దక్షిణాన వియత్నాం దగ్గర నీడ ఏకంగా స్తంభానికి అవతలి వైపు పడింది. అక్కడి సముద్రం మీద నుంచి చూస్తే అగస్త్య నక్షత్రం చాలా ఎత్తుగా కనబడిందనీ, దాని కింద వాళ్ళ పాత పటాల్లో పేరైనా లేని చుక్కలు బోలెడు మెరుస్తున్నాయనీ రాశారు. ధ్రువం ఒక డిగ్రీ మారడానికి 351 లీల 80 అడుగుజతలు నడవాలని లెక్క తేల్చారు. భూమధ్యం అనుకున్న ఊళ్ళో రాయి నిలబెట్టినవాడే, మధ్య అన్న లెక్కకి ఆధారమైన సూత్రాన్ని మరుసటి ఏడు స్వయంగా కొలిచి పడగొట్టాడు. నాకు ఆ రాయి దగ్గర నిలబడ్డప్పుడు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

సరే, ఇప్పుడు నాన్నగారి గౌతముడి సంగతికి వద్దాం.

ఆయన నిజంగానే ఉన్నాడు. చైనీసులో పేరు చూతాన్ షీదా. చూతాన్ అంటే గౌతమ, షీదా అంటే సిద్ధ. అప్పటి రాజధాని చాంగాన్‌లో, అంటే ఇప్పటి షియాన్‌లో, భారతీయ మూలాలున్న ఖగోళజ్ఞుల కుటుంబాలు మూడు ఉండేవి. గౌతమ, కాశ్యప, కుమార. వీళ్ళలో గౌతములది పెద్ద చెయ్యి. సిద్ధుడు ఏకంగా ప్రభుత్వ ఖగోళ శాఖకి అధిపతి అయ్యాడు. 718లో చక్రవర్తి ఆజ్ఞ మీద మన సిద్ధాంత పద్ధతిని చైనీసులోకి తెచ్చాడు. దాని పేరు "జ్యూజీ లి", నవగ్రహ పంచాంగం. గ్రహం అంటే పట్టుకునేది అని కదా అర్థం, వాళ్ళూ సరిగ్గా "తొమ్మిది పట్టులు" అనే అనువదించారు. రాహు కేతువుల లెక్కలు అందులో ఉన్నాయి. జ్యా పట్టిక ఉంది. స్థానం ఖాళీగా ఉంటే అక్కడ ఒక చుక్క పెట్టాలని సున్నా గురించి కూడా ఉంది. సిద్ధుడు దీన్ని తన పెద్ద గ్రంథం "కైయువాన్ జాన్‌జింగ్"లో చేర్చాడు. ఆ గ్రంథం తరవాత కనబడకుండా పోయి, 1616లో ఒక పాత బుద్ధ విగ్రహానికి బంగారు పూత వేయిస్తుంటే దాని కడుపులో దొరికింది. అలా దొరక్కపోతే ఈ కథ మనకి ఇంత వివరంగా తెలిసేదే కాదు.

ఇంతవరకూ నాన్నగారిది పైచెయ్యి. ఇప్పుడు మిగతా సగం వినండి.

చక్రవర్తికి కొత్త పంచాంగం కావాలి. చైనాలో పంచాంగం అంటే పండగల పట్టిక కాదు. చక్రవర్తి ఆకాశానికి కొడుకు. గ్రహణం లెక్క తప్పిందంటే ఆయనకి ఆకాశం మీద పట్టు పోయిందని జనం అనుకుంటారు. ఆ పని సిద్ధుడి కుటుంబానికి రాలేదు, యీ షింగ్‌కి ఇచ్చారు. ఆయన 724 కొలతలూ అవీ పెట్టుకుని "దాయెన్" పంచాంగం తయారుచేసి, 727లో చనిపోయాడు. ఆయన పోయాక దాన్ని అమలులో పెట్టారు.

733లో సిద్ధుడి కొడుకు చూతాన్ జువాన్ చక్రవర్తికి ఒక ఫిర్యాదు పెట్టాడు. దాయెన్ పంచాంగం మా నవగ్రహ పంచాంగం చూసి రాసిందే, అదీ సగం సగమే రాసింది అన్నాడు. పంచాంగం పనిలో తనని కలుపుకోలేదన్న కోపం అతనికి ఉండేదని తాంగ్ చరిత్రకారులు మొహమాటం లేకుండా రాశారు. ఆ ఫిర్యాదుకి వంత పాడినవాళ్ళలో ఒకరు ఎవరో ఊహించండి. గావ్‌చెంగ్‌లో రాయి నిలబెట్టిన నాంగోంగ్ యువె!

నేను ప్రాజెక్టుల్లో పనిచేసేవాణ్ణి కాబట్టి ఈ ఫిర్యాదు చదువుతుంటే నవ్వొచ్చింది, మనసుకి గుచ్చుకుంది కూడా. బయటినుంచి వచ్చినవాడు, పని తెలిసినవాడు, పెద్ద ప్రాజెక్టులో తనని పక్కన పెట్టారు, తరవాత చూస్తే అందులో తన పని కనబడుతోంది. మనలో ఎంతమందికి ఇలా అనిపించలేదు?

మరి చక్రవర్తి ఏం చేశాడు? ఫిర్యాదుదారు విదేశీ వంశం వాడని కొట్టిపారెయ్యలేదు. చనిపోయిన భిక్షువు గొప్పవాడు కదా అని మూసెయ్యలేదు. ఇద్దరు అధికారుల్ని పెట్టి, నక్షత్రశాల రోజువారీ పరిశీలనల చిట్టా తీయించాడు. మూడు పంచాంగాల లెక్కల్నీ ఆ చిట్టాతో సరిచూశారు. దాయెన్ పదింట ఏడెనిమిది సార్లు సరిపోయింది. అంతకుముందు వాడుకలో ఉన్న లిందె పంచాంగం మూడు నాలుగు. మన నవగ్రహ పంచాంగం ఒకటి రెండు.

మనం ఓడిపోయాం. తాంగ్ చరిత్రకారులు నవగ్రహ పద్ధతి గురించి, లెక్క చాలా గజిబిజి, ఒక్కోసారి అదృష్టం కొద్దీ కలుస్తుంది అన్నట్టు రాసి వదిలేశారు. సున్నా చుక్కనీ జ్యా పట్టికనీ అప్పటి చైనా గణితజ్ఞులు పెద్దగా పట్టించుకోలేదు. యీ షింగ్ నీడల పట్టిక వెనక మన జ్యా పట్టిక ప్రభావం ఉండొచ్చని ఈ మధ్యకాలపు పరిశోధకులు కొందరు అంటారు. అంటే జువాన్ అనుమానంలో కొంత పస ఉండొచ్చు. అయినా ఆకాశంతో సరిపోయిందా లేదా అన్న పరీక్షలో మాత్రం నెగ్గింది భిక్షువే.

జువాన్ ఏమయ్యాడు? ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ దేశంలోనే ఉన్నాడు, తరవాతి కాలంలో ఖగోళ శాఖలోనే ఉద్యోగం చేసి, 776లో పోయాడు. 1977లో షియాన్ దగ్గర అతని సమాధి శాసనం బయటపడింది. దాన్నిబట్టే ఈ కుటుంబం వరస తరతరాలుగా తెలిసింది. మా మూలం మధ్య భారతం, కాని తరతరాలుగా మేము ఈ రాజధాని వాళ్ళమే అన్న అర్థం వచ్చే మాటలు అందులో ఉన్నాయి. రెండూ ఒకే శాసనంలో రాయించుకున్నారు. ఇల్లు ఎక్కడ అని అడిగితే మన పిల్లలు కూడా ఇలాగే చెబుతారేమో.

గావ్‌చెంగ్‌లో గుడి వెనక ఇటుకల కట్టడం ఉందని చెప్పాను కదా. అది ఇంకో అయిదున్నర శతాబ్దాల తరవాతి కథ. కుబ్లాయ్ ఖాన్ దక్షిణ చైనాని కూడా గెలిచి 1276లో కొత్త పంచాంగం తయారుచెయ్యమన్నాడు. ఆ పని చేసినవాళ్ళలో వాంగ్ షున్ గణితం చూశాడు, గువో షౌజింగ్ పరికరాలు చూశాడు. గువో అసలు కాలవలూ జలాశయాలూ కట్టే ఇంజనీరు. ముందు కొలవాలి, కొలవాలంటే ముందు మంచి పరికరం ఉండాలి అన్నది ఆయన పట్టుదల. దేశంలో 27 చోట్ల పరిశీలన కేంద్రాలు పెట్టించాడు. వాటిలో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడం గావ్‌చెంగ్‌దే.

ఎత్తు తొమ్మిదిన్నర మీటర్లు, పైనున్న చిన్న గదులతో కలిపితే పన్నెండున్నర పైన. ఉత్తరం వైపు గోడ మధ్యలో నిలువునా ఒక గాడి ఉంటుంది. ఆ గాడి అడుగు నుంచి ఉత్తరానికి 36 రాళ్ళు పరిచిన బాట, పొడవు 31 మీటర్ల 19 సెంటీమీటర్లు. దాన్ని ఆకాశాన్ని కొలిచే బద్ద అంటారు. దాని మీద రెండు సన్నని కాలవలు చెక్కి ఉన్నాయి. వాటిల్లో నీళ్ళు పోస్తే రాళ్ళు సమంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. మన తాపీమేస్త్రీలు నీళ్ళ గొట్టంతో మట్టం చూసుకుంటారు చూడండి, అదే.

ఎనిమిది అడుగుల శంకువుని గువో నలభై అడుగులు చేశాడు, అయిదు రెట్లు. నీడ పెద్దదైతే కొలతలో పొరపాటు తగ్గుతుంది. మన జయసింగు మహారాజు పద్ధెనిమిదో శతాబ్దంలో ఢిల్లీ, జైపూరుల్లో జంతర్ మంతర్లు అంత పెద్దగా కట్టించిందీ ఇందుకే. కాని ఒక చిక్కుంది. కర్ర ఎత్తు పెరిగేకొద్దీ నీడ అంచు మసకబారుతుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, బిళ్ళ. గువో ఏం చేశాడంటే, పైన అడ్డంగా ఒక సన్నని కడ్డీ పెట్టి, కింద రాతిబద్ద మీద సూదిబెజ్జం ఉన్న రాగి రేకుని అటూ ఇటూ జరిపాడు. ఆ బెజ్జంలోంచి రాతి మీద బియ్యపు గింజంత సూర్యుడు పడతాడు. ఆ గింజకి సరిగ్గా మధ్యలో కడ్డీ గీతలా కనబడే చోటే అసలు కొలత. సినిమా లేదు, కెమెరా లేదు, 1270ల నాటి మాట ఇది.

ఉత్తరాయణం ఏ ఘడియలో వస్తుందో ఆ రోజు నీడ చూసి చెప్పలేం, ఆ రోజుల్లో నీడ దాదాపు కదలదు. అందుకని ముందూ వెనకా కొన్ని రోజుల నీడలు కొలిచి, సమానంగా ఉన్న రెంటికీ మధ్య సమయం కట్టాలి. ఈ కిటుకు అయిదో శతాబ్దపు జూ చోంగ్‌జీది. ఆయన నాటి కొలతకీ తన కొలతకీ మధ్య దాదాపు ఎనిమిది వందల ఏళ్ళు. ఆ రోజుల్ని ఏళ్ళతో భాగిస్తే సంవత్సరానికి 365.2425 రోజులు వచ్చింది. ఈ అంకె 1199 నాటి ఒక చైనా పంచాంగంలో అంతకుముందే ఉంది, గువోది పెద్ద కొలతలతో దొరికిన నిర్ధారణ. 1281లో ఆ "షౌషీ" పంచాంగం అమల్లోకి వచ్చింది, మింగ్ వంశం పేరు మార్చి 1644 దాకా వాడుకుంది. మనమంతా వాడే ఇంగ్లీషు క్యాలెండరుకి ఆధారమైన 1582 నాటి సంస్కరణలో సంవత్సరం పొడవు కూడా సరిగ్గా 365.2425 రోజులే. అసలు సంవత్సరానికీ దానికీ తేడా అరనిమిషం లోపు.

ఈ కథకి కొసమెరుపు మా ఇంట్లో జరిగింది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. ఆ రోజు మా అమ్మాయి, "నాన్నా, మా క్లాసులో చైనా అమ్మాయి వాళ్ళ న్యూ ఇయర్ జనవరిలోనే అయిపోయింది. వాళ్ళదీ చందమామ క్యాలెండరే, మనదీ అదే. మరి ఒకేరోజు రావేం?" అని అడిగింది. చూస్తే సరిగ్గా ఆ ఉగాది రోజునే చైనావాళ్ళకి అధిక మాసం మొదలైంది, అధిక రెండో నెల. మనకి అధిక శ్రావణం జులై 18న గానీ రాలేదు. అధిక మాసం సూత్రం ఇద్దరిదీ ఒకటే: ఏ చాంద్రమాసంలో సూర్యుడు కొత్త రాశిలో అడుగుపెట్టడో అది అధికం. తేడా అంతా రాశి ఎక్కడ మొదలెట్టాలన్న దాంట్లో ఉంది. వాళ్ళు నీడని బట్టి, అంటే ఉత్తరాయణం అసలు మొదలయ్యే డిసెంబరు 21, 22ల నుంచి లెక్కిస్తారు. మనం నక్షత్రాల్ని బట్టి లెక్కిస్తాం. సుమారు పదిహేడు వందల ఏళ్ళ కింద రెండూ ఒకచోటే ఉండేవి, భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల ఇప్పుడు ఇరవై నాలుగు రోజుల ఎడం వచ్చింది. మన సంక్రాంతి జనవరి 14, 15ల్లో రావడానికీ కారణం అదే. ఒకరిది తప్పు, ఒకరిది ఒప్పు కాదు. పట్టుకున్న గుర్తు వేరు.

గావ్‌చెంగ్ నుంచి తిరిగొచ్చిన రాత్రి నాన్నగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. మనవాడు అక్కడ ఖగోళ శాఖకి అధిపతిగా చేశాడు, మీరు చెప్పింది నిజమే అన్నాను. సంతోషించారు. వాళ్ళబ్బాయి పంచాంగాన్ని పరీక్ష పెడితే పదికి ఒకటో రెండో వచ్చాయని కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "పరీక్ష సరిగ్గానే పెట్టారంటావా?" అన్నారు. చిట్టా తీసి చూశారు నాన్నా అన్నాను. "అయితే సరే" అన్నారు.

మన పిల్లలకి మనవాళ్ళ గొప్పలు చెప్పొద్దని నేను అనను. గౌతమ సిద్ధుడి గురించి తప్పకుండా చెప్పండి. కాని జువాన్ ఫిర్యాదూ, ఆ చిట్టా, ఆ పదికి ఒకటీ రెండూ కూడా కలిపి చెప్పండి. సగం చెబితే, ఆ రెండో సగం వాళ్ళకి ఎప్పుడో బడిలో ఇంకెవరో చెబుతారు. అప్పుడు మొదటి సగాన్ని కూడా నమ్మరు.

వచ్చే ఆదివారం ఎండగా ఉంటే పెరట్లో మీటరు కర్ర ఒకటి నిలబెట్టి, పదకొండు నుంచి రెండింటి దాకా పావుగంటకోసారి నీడ కొసన సుద్దతో గుర్తు పెట్టించండి. అన్నిటికన్నా పొట్టి నీడ ఎప్పుడు పడిందో పిల్లలే చెబుతారు. అది మీ గడియారంలో పన్నెండు కాకపోతే ఎందుకో కూడా వాళ్ళనే అడగండి.